నాలుగో టైరు

తాడిపత్రి,
15 నవంబరు 2007, గురువారం

చిరంజీవి ఇంద్రాణికి జేజి వెంకటలక్ష్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ వాన తప్ప అందరం క్షేమం. బెంగుళూరు హాస్టలు కూడు నిన్ను ఇంకా బతకనిస్తోందని తలుస్తాను.

జిగురు వాసనకు వార్డెను తరుముతుందని, ఆదివారం రేసుకు నీ రిమోటు కారు టైర్లు నాకు అప్పజెప్పి పోయావు కదా. నువ్వు రాసిపెట్టిన కాగితం మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన బుర్ర గిర్రున తిరిగింది.

ఉన్నవి గారెలంత. ముందు సబ్బుతో కడగమన్నావు. కొత్తవాటికి మురికేమిటి? అచ్చులోంచి వచ్చిన జిడ్డట, సరే. కడిగి చాటలో పరిచి నీడన ఆరబెట్టాను. గాలికి బదులు లోపల స్పాంజి చుట్ట పెట్టి, చక్రానికి తొడిగి, అంచు చుట్టూ చుక్క చుక్కగా జిగురు వేశాను. రెండో టైరు దగ్గర నా బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయాయి. పనికొచ్చే గంగక్క చూసి, ‘ఏమమ్మా, పొద్దున్నే ద్యానంలో కూసున్యావే’ అంది. వేణ్ణీళ్లలో గంటసేపు నానితేగానీ నా చిన్ముద్ర విడలేదు.

ఆ తర్వాతిది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సీసాలోని నూనెలాంటి మందు పూసి, గుడ్డ చుట్టి, అరగంటాగి తుడిస్తే రబ్బరు మెత్తబడి నేలను గట్టిగా పట్టుకుంటుందని రాశావు. నూనె ఘర్షణను తగ్గిస్తుందని ఎందరు పిల్లల చేత వల్లె వేయించానో! తప్పు రాసినవాళ్ల చెవులు కూడా మెలిపెట్టాను. ఇప్పుడు వాళ్లందరికీ క్షమాపణ రాయాలా?

ఇక నా కొడుకు, అదే మీ నాయన సంగతి. ఉగాదినాడు ‘ఇంజనీరింగు సదివేది బొమ్మకార్లు తోలేదానికా’ అని వాడూ, ‘నువ్వు తోలేది విమానమా’ అని నువ్వూ అనుకున్నాక మీ మధ్య మాటల్లేవు. నిన్న వాడు చాటలోంచి ఒక టైరు తీసి, వేలితో నొక్కి, ‘జిగురు బాగా పట్టుకోనుండాది’ అన్నాడు. నేను చూస్తున్నానని తెలియగానే కాలిన పెనం తాకినట్టు వదిలేశాడు. ‘రేసు యాడంట?’ అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ‘నాకెందుకులే’ అంటూ మరమ్మతుకొచ్చిన తన లారీ కిందికి దూరాడు. ఇంజను బాగైంది. రేపు బండలు వేసుకుని బెంగుళూరికే వస్తున్నాడు.

ఇక అసలు గందరగోళం. నిన్న సాయంత్రం చాటలో నాలుగున్నాయి. ఈ పొద్దున మూడే. ఒకటి వేరేదైతే కారు పక్కకు లాగుతుందని, ఇక రేసు పోయినట్టేనని నువ్వే చెప్పావు. బియ్యం డబ్బా, పూజగది, కోళ్లగంప అన్నీ వెతికాం. గంగక్క ‘నా మింద పెడతావేమమ్మా, ఆ నల్లగారెలు నేనేమన్నా తింటానా’ అని అలిగింది. ఎలుకందామంటే రబ్బరుకు ఆశపడే ఎలుకను నేనింతవరకు చూడలేదు. నాకేమీ పాలుపోవడం లేదు.

మూడింటినీ ఈ ఉత్తరంతో కలిపి బస్సు డ్రైవరు సుంకప్ప చేతికిస్తున్నాను.

ఇట్లు,
లెక్క తప్పిన నీ జేజి

తా.క. గంగక్కకు ఒక చీర పెట్టాలి, ఊరికే నింద మోసింది. నాలుగోది తీసింది నేనే. బాగైన లారీకి దిష్టి తగలకుండా ఏదైనా కట్టాలి కదా. పాత చెప్పుకు బదులు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, నిమ్మకాయ, మిరపకాయల కింద బంపరుకు కట్టాను. మీ నాయన చూశాడు.  లోపలికి దుమ్ము పోకుండా కవరు మూతికి ఇంకో దారం చుట్టి బిగించాడు. శనివారం పొద్దున లారీ యశ్వంతపురంలో బండల గోదాము ముందు ఆగుతుంది. పోయి విప్పుకో. ఆ ముడి ఒక్కరి చేతికి ఊడదు.