మామగారి పేరున్న పాఠం

మన పాప ఉదగలిద నాన్నగారికి,

హనంగ్ కొండ కింద మీ ఇల్లు మీరు వదిలి వెళ్ళినట్టే ఉంది. మామగారు, పాప, ఆవులు, చూలుతో ఉన్న గాడిద, అందరూ కులాసా. దార్ ఎస్ సలామ్‌లో ఆ గేటు ముందు రాత్రంతా కాపలా కాసే మీరు కూడా కులాసాగా ఉన్నారనుకుంటాను. నా ఒంటికేమీ లేదు గానీ మనసు మాత్రం కుతకుతలాడుతోంది. ముందు మీరు అడిగినవాటికి జవాబులు రాసి ఆ సంగతికి వస్తాను.

ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మీరు పంపిన దుప్పటి మామగారు కప్పుకుంటున్నారు, పల్చగా ఉందని రోజూ సణుగుతున్నారు. ఇక పైనుంచి నీళ్ళు పడ్డాయా అని అడిగారు. పడ్డాయి, మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. మీరైతే ఆ మాటని దర్జాగా రాసేశారు. మీకేం? కన్నతండ్రి పేరు మీరు ఎన్నిసార్లయినా అనొచ్చు. ఆయన పుట్టిన రోజు కుండపోతగా కురిసిందని మీ నాయనమ్మ ఆ పైనుంచి పడేదాన్నే పేరుగా పెట్టింది. నాకు ఆయన పేరులో, మగ పేర్లన్నిటి ముందూ ఉండే 'గిద' వరకు రాయడం కుదురుతుంది, ఆ తర్వాత చెయ్యి ఆగిపోతుంది. కోడలు మామ పేరు పలకకూడదు కదా, మీ గడప తొక్కినప్పటి నుంచి ఆ మాటా, దానిలా వినిపించే మాటలూ నా నోట రాలేదు. వాటి బదులు మా కోడళ్ళ మాటలు మాకున్నాయి. వాటితోనే వండుతున్నాం, పిల్లల్ని పెంచుతున్నాం.

పట్నం కుర్రాడు మసాంజ పుస్తకం ఏమైందని అడిగారు కదా. నా కోపమంతా అక్కడే ఉంది. ఆ కుర్రాడు మన భాషలో పిల్లలకు మొదటి పుస్తకం చేస్తానని గొంతు పట్టే యంత్రం పట్టుకుని వచ్చినప్పుడు మగవాళ్ళంతా మందల వెంట పోయారు. దొరికింది నేనూ, మన ఇంటి తోడికోడళ్ళూ. కాగితం మీద గడులు గీసి మాట వెంట మాట అడిగాడు. ఆవు ఒకటైతే మాటకి ఒక చివర, మందైతే ఇంకో చివర. నేను నడిస్తే మాట ముందు ఒకటి చేరుతుంది, నువ్వు నడిస్తే వేరొకటి. మన వైపు నడిచి వస్తే ఒక రూపం, అవతలికి నడిచి పోతే ఇంకో రూపం. ఇన్నెందుకని విసుక్కునేవాడు. ఎందుకో నాకేం తెలుసు, పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్నాం. పాలు పితకడం కూడా మానుకుని గొంతు ఎండిపోయేదాకా గడులన్నీ నింపాను. మామగారి పేరు తగిలినచోట కోడళ్ళ మాటే చెప్పాను. ఇది కోడలి మాట అబ్బాయ్, మగవాళ్ళని కూడా అడుగు అని చెప్పాను కూడా. నవ్వి తల ఊపాడు. ఏం అర్థమైందో వాడికే తెలియాలి.

పుస్తకం అచ్చై వచ్చాక పెద్దలు కూర్చున్నారు. మసాంజ చదువుతుంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పెద్దల్లో గిదబుర అయితే కల్లు సొరకాయబుర్ర పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"ఇది పుస్తకం కాదురా, మన కోడళ్ళ మూట. మగపిల్లోడు ఇది చదివాడంటే రేపొద్దున ఆడవాళ్ళ తోలు పావడా కడతాడు."

ఆ నవ్వుల్లో నా కష్టమంతా కొట్టుకుపోయింది. అయినా పుస్తకం మార్చాలన్నందుకు నేను అడ్డు చెప్పలేదు. మన పాప నా దగ్గర నేర్చిన మాట అంటే చాలు, ఆడుకునే పిల్లలు 'నువ్వెవరి కోడలివే' అని ఏడిపిస్తున్నారు. అది ఏడుస్తూ ఇంటికొస్తే సరైన మాట ఇదీ అని చెప్పడానికి నాకు నోరు లేదు.

మగవాళ్ళ మాటలతో కొత్త పుస్తకం వచ్చింది. బడికి పంతులమ్మ నేనేనని ముందే అనుకున్నారు, ఊళ్ళో మన భాష కాగితం మీద చూసి చదవగలిగేది నేనొక్కదాన్నే. ఆ ఉద్యోగం కోసం నేనెంత ఆశపడ్డానో మీకు తెలుసు. పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే మామగారి పేరు. అది ఒక్కసారి పడితే ఎలా అనాలి, పదేపదే పడితే ఎలా అనాలి, మన వైపు వస్తే ఎలా, కొండ దాటి పోతే ఎలా. పేజీ నిండా ఆయనే. పిల్లలు నా మొహం చూస్తున్నారు, నేను నేల చూస్తున్నాను. నేను గొంతు అరగదీసుకుని చేయించిన పుస్తకం నేనే చదవలేకుండా పోయింది. దీని మీద గిదబుర ఏమన్నాడో తెలుసా? కతేష్ బజారులో ఉప్పు అమ్మేవాణ్ణి పెడదామన్నాడు. వాడికి సగం స్వాహిలీ, సగం మన భాష, ఒక్క మాటకీ చివర సరిగ్గా కుదరదు. వాడి చేతిలో మన పాపని పెట్టాలా? ఆ రోజు చేతిలో పాల సొరకాయబుర్ర ఉంటే విసిరికొట్టేదాన్నే.

ఇప్పుడు మీకు చెప్పక తప్పని సంగతి. నేను మామగారి దగ్గరికి వెళ్ళాను. మొహం గోడ వైపు తిప్పుకునే అడిగాను.

"ఆ పాఠం నేను చెప్పలేను మామయ్యా. ఆ ఉప్పు అమ్మేవాడు చెబితే చూడలేను."

"అయితే? ఈ వయసులో నన్ను పేరు మార్చుకోమంటావా?" అన్నారు.

ఉడుక్కుంటూ వచ్చేశాను. మర్నాడు పొద్దున మామగారు బడి కొట్టంలోకి మీ దుప్పటి కప్పుకుని వచ్చి, పిల్లల మధ్య బల్ల మీద కూర్చున్నారు. నేను పుస్తకంలో ఆ మాటని కర్రతో చూపించి చేత్తో సైగ చేయాలి, ఆయన పలకాలి, పిల్లలు అనాలి. తన పేరుని తానే ఒక్కసారి పడ్డట్టు, పదేపదే పడ్డట్టు, ఇటు వచ్చినట్టు, అటు పోయినట్టు అన్ని రూపాల్లోనూ పలికారు. ఈ ఏర్పాటు బాగుందనుకుంటున్నారేమో, నా తిప్పలు నాకే తెలుసు. మధ్యలో కునుకు తీస్తారు, నేను దగ్గుతూ నిలబడాలి. ఒక్కో రూపానికీ ఒక్కో ఆవు కథ చెబుతారు. వారమైనా రెండో పాఠం మొహం చూడలేదు.

నిన్న పాప లేచి ఆ మాటని అన్ని చివరలతోనూ తప్పు లేకుండా అంది. పిల్లలంతా అందుకున్నారు. వాళ్ళతోపాటు నా పెదవులు కూడా కదిలాయి. నేను కావాలని కదపలేదు, అలా అని ఆపుకోనూ లేదు. తల తిప్పితే మామగారు నా మొహమే చూస్తున్నారు. చప్పున చేత్తో నోరు మూసుకున్నాను.

ఆయన చేతికర్రతో బల్ల మీద గట్టిగా కొట్టారు.

"నాకేం వినపడలేదు. మళ్ళీ అనండ్రా. పైకప్పు రేకులు అదిరేట్టు అనాలి."

పిల్లలు అరిచారు. ఆయన కళ్ళు మూసుకుని, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అంటూ కర్ర కొడుతూనే ఉన్నారు. ఆ గోలలో నేను ఏమన్నానో మీరు అడగొద్దు. ఆయన్నీ అడగొద్దు. ఈసారి మాత్రం మందం దుప్పటి పంపండి.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు,
ఉదమర్గ