ఏటి పాట

దాదా,

మీరు పోయిన రెండేళ్లకు మీ పుస్తకం మళ్లీ అచ్చవుతోంది. ప్రభుత్వానికి నచ్చని వ్యాసం రాసి, సరిహద్దు దాటి ఈ దేశం వచ్చి, సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్స్ ముందు గదిలో దిగారు. మీరు పోగేసిన పాత కావ్యాల రాతప్రతులన్నీ పద్మానది ఒడ్డున మీ ఇంట్లోనే ఉండిపోయాయి. ఇక్కడ మా అమ్మ ఉంది. అందుకని మా అమ్మ పాటల మీద పండితులయ్యారు.

మొదటిరోజు మీరు ఒక పాట పాడమని బెంగాలీలో అడిగితే అమ్మ "ఏటి పాట?" అంది. ఏ పాట అని ఆవిడ ఉద్దేశం. మీరు నిఘంటువు తిరగేసి, ఏటి అంటే ఏరుకు చెందినదని రాసుకున్నారు. అలా మా దంపుళ్ల పాట మీ పుస్తకంలో నది పాట అయిపోయింది. అందులో చుక్క నీరు లేదు. అచ్చయ్యాక తప్పు తెలిసి, వారం రోజులు అమ్మకి మొహం చూపించలేదు మీరు.

ఇప్పుడు దాన్ని దిద్దమంటారా అని సంపాదకుడు ఫోన్ చేశాడు. అమ్మనడిగాను.

"వద్దే. ఆ బాబుకి ఆల ఊరి ఏరు మల్లీ సూడ్డం అవనేదు. పుస్తకంలోనైనా ఉండనియ్యి," అంది.

మీ
సుజాత