మిల్లింగ్ మెషిన్ మా ఆడపడుచుకే

లోహపు విడిభాగాలు తయారుచేసే ఈ షెడ్డు నడుపుతున్న నేను, నా గుండె పరిస్థితిని డాక్టరమ్మ దాచకుండా చెప్పిన మీదట, పూర్తి తెలివిలో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చెయ్యి వణుకుతోంది కాబట్టి లాయరు గారు రాస్తున్నారు. బుద్ధి మాత్రం వణకడం లేదు. అనుమానం ఉన్నవాళ్లు ఏ లోహానికి ఏ కటరో నన్ను అడిగి చూసుకోవచ్చు.

ఎందుకు రాయిస్తున్నానంటే, నా భర్త పోయాక షెడ్డు నా పేరు మీదికి వచ్చింది. ఆయన చెల్లెలు, అంటే మా ఆడపడుచు, పెళ్లి వద్దనుకుని నాతోపాటు ఇన్నేళ్లూ కంప్యూటర్ లెక్కతో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ మీద పని చేసింది. షెడ్డు పైగదిలోనే ఉంటుంది. కాగితాల మీద ఆమెకు గోరంత హక్కు లేదు. నేను ఏమీ రాయకుండా పోతే అంతా మా అబ్బాయికి పోతుంది. వాడు ఇప్పటికే షెడ్డుకు బేరం చూస్తున్నాడు. ఆమె రోడ్డున పడుతుంది.

1. ఇల్లు మా అబ్బాయికి. వాడు చెడ్డవాడేం కాదు. బ్యాంకులో పనిచేసి చేసి కనపడ్డ ప్రతిదానికీ ధర కట్టడం అలవాటైపోయింది. చిన్నప్పుడు వాడికి నేను చేసిచ్చిన ఇత్తడి బొంగరం బీరువా పై అరలో ఉంది. అదీ వాడిదే. దానికి మాత్రం ధర కట్టకురా నాన్నా.

2. నా మెడలో గొలుసు కోడలికి. మెషిన్ వేడెక్కకుండా పోసే కూలెంట్ వాసనతో నేను వంటింట్లోకి వెళ్లినా ఏనాడూ ముక్కు మూసుకోని పిల్ల.

3. షెడ్డు, పైగది, మిల్లింగ్ మెషిన్, లోహపు ముక్కను బిగించే వైసులు, కొలిచే సామాను, సొరుగుల్లోని కటర్లన్నీ మా ఆడపడుచుకు సర్వహక్కులతో చెందాలి. నడుపుకుంటుందో, అద్దెకిస్తుందో, అమ్ముకుంటుందో ఆమె ఇష్టం. అడగడానికి ఎవరికీ అధికారం లేదు.

కటర్ల గురించి రెండు ముక్కలు. అల్యూమినియానికి రెండు పళ్లదో మూడు పళ్లదో చాలు. పళ్లు ఎక్కువైతే తునకలు బయటపడే సందు లేక కటర్‌కే అతుక్కుపోతాయి. ఉక్కుకు నాలుగు పళ్లది. హోల్డర్‌లోంచి కటర్ ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మేలు. పొడుగ్గా వదిలేస్తే ఊగుతుంది, పీసు మీద గీతలు పడతాయి. ఇవన్నీ ఆమెకు నాకంటే బాగా తెలుసు. చెప్పకుండా ఉండలేను కాబట్టి చెబుతున్నాను. ఇలాంటివి వీలునామాలో రాయరని లాయరు గారు గొణిగారు. రాయండి అన్నాను.

4. ఆమె మీద నాకున్న కోపం కూడా ఇక్కడే వదిలేస్తున్నాను, వెంట మోసుకుపోయే ఓపిక లేదు. ఒకసారి స్టెయిన్‌లెస్ స్టీల్ పని వస్తే, ఖరీదైన కటర్ ఎక్కడ విరుగుతుందోనని కటర్ ముందుకు నడిచే ఫీడ్ వేగాన్ని బాగా తగ్గించేసింది. ఆ లోహంతో అలా మెత్తగా ఉంటే కుదరదు. పదును లోపలికి దిగకుండా పైపైన రుద్దుకుంటుంది, ఆ రాపిడికి లోహం ఇంకా గట్టిపడి మొండికేస్తుంది. తర్వాత ఏ కటర్ పెట్టినా పళ్లు రాలిపోయాయి. నేను నోటికొచ్చినట్టు అరిచాను. కొన్నాళ్లు టీ తెచ్చే ఆవిడతో కబురు పెడితేనే మా మధ్య మాటలు. కటర్ మీద జాలిపడటం ఆమె ఇప్పటికీ మానలేదు. మానదు కూడా.

5. చలికాలం కూలెంట్‌కి ఆమె వేళ్లు పగిలి నెత్తురొస్తుంది. నా అల్మారాలో ఉన్ని గ్లౌజులు కొనిపెట్టాను. పైగదికి వెళ్లాక వేసుకోవాలి. కటర్‌ని తిప్పే స్పిండిల్ తిరుగుతుండగా వేసుకుంటే ఉన్ని చుట్టుకుని చెయ్యే పోతుంది, ఊరుకోను.

6. ఇవన్నీ అమలు జరిపే బాధ్యత కటర్ల కొట్టాయనది. ఒకప్పుడు సానపట్టిన పాత కటర్‌ని కొత్తదని నాకు అంటగట్టబోయాడు. వేలితో తడిమి అక్కడికక్కడే వెనక్కిచ్చాను. అప్పట్నుంచి నేనంటే భయం. నేను పోయాక కూడా ఆ భయం ఉంటుందని నా ధీమా.

7. పోయిన నెల మా అబ్బాయి షెడ్డు చూపించడానికి ఎవరినో తీసుకొచ్చాడు. మా ఆడపడుచు పరుగున వెళ్లి, వాళ్లకు కుర్చీలు తుడిచి వేసి, తను గోడ పక్కన నిలబడింది. వాళ్లు వెళ్లాక మెషిన్‌లో కటర్ బిగిస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది:

"నువ్వు పోయాక నేనిక్కడ ఎవర్ని వదినా?"

కూలెంట్ డబ్బా తెస్తానని చెప్పి బయటికి పోయి ఏడ్చాను. జవాబు ఇప్పుడు రాయిస్తున్నాను. నువ్విక్కడ యజమానురాలివి తల్లీ. ఇకమీద ఎవరొచ్చినా ముందు నువ్వు కూర్చో.

పైదంతా నాకు చదివి వినిపించగా, సరేనని ఒప్పుకుని చేసిన సంతకం.

తేదీ: నవంబరు పదకొండు

(సంతకం)
వదిన

మా ఇద్దరి ఎదుటే ఆమె సంతకం చేశారు. ఇందులో మాకు రావలసిందేమీ లేదు.

సాక్షులు:
పక్క షెడ్డు వెల్డింగ్ మేస్త్రి
వైద్యం చేస్తున్న డాక్టరమ్మ