‘ఇతరములు’ అనే కాలమ్

కంచరపాలెం,
సెప్టెంబరు 9.

ప్రియమైన జ్యోతిర్మయీ,

ఈ ఉద్యోగం నీ మాటసాయంతో వచ్చింది కాబట్టి, మానేస్తున్నానని ముందు నీకే చెప్పాలి. ఫోన్ చేస్తే నువ్వు సర్దిచెబుతావు. అందుకే ఉత్తరం.

జనం ఏం కోరుతున్నారో తెలుసుకుని వీధుల్ని కొత్తగా తీర్చే పని మా కంపెనీది. ట్యాబ్ పట్టుకుని నలభై రోజులు ఇక్కడి రైలు పట్టాల పక్కన ఇల్లిల్లూ తిరిగాను. కూరగాయలమ్మే కాశమ్మ తన గుమ్మంలో కూర్చోబెట్టుకుని చెప్పింది: "నాకు పార్కులేటీ వొద్దమ్మా. పట్టాలు దాటకండా అటేపు ఎల్లడానికి ఓ మెట్ల వంతెన ఎయ్యమను. మా పిల్ల సూర్యకళ బడికెల్తా ఆ పట్టాల మీదే రైలు గుద్దేసి పోనాది." ట్యాబ్‌లోకి తొంగిచూసి, "నాను సెప్పింది రాసినావా?" అని అడిగింది. రాశానన్నాను.

ట్యాబ్‌లో ఉన్నవి నాలుగే: ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్, సైకిల్ ట్రాక్, గోడలకు రంగులు. వంతెన ‘ఇతరములు’లో పడింది. ఆరువందల పన్నెండు మందిలో ఐదువందల మందికి పైగా అదే అడిగారు. మా మేనేజర్ దేవీప్రసాద్ చూసి, "ఆప్షన్‌లో లేనిది డేటా కాదమ్మా. ఆ కాలమ్ తీసెయ్. డిజైన్ ఎప్పుడో ఓకే అయిపోనాది, ఇప్పుడేటి మార్చేది?" అన్నాడు.

తీసేశాను జ్యోతీ. అతను బెదిరించలేదు, బతిమాలలేదు. ఒక్క నొక్కు, అంతే. మిగిలిన కొద్దిమందిలో ఎక్కువమంది ఫౌంటెన్ అన్నారు కాబట్టి ‘ప్రజల మొదటి కోరిక ఫౌంటెన్’ అని రిపోర్టు అచ్చయింది. అట్ట మీద నవ్వుతున్న కాశమ్మ ఫోటో. నేను తీసిందే. దేవీప్రసాద్‌ని చూస్తే రోత. రిపోర్టు అచ్చయిన రోజు అతను కోసిన కేకు నోట్లో పెట్టుకున్న నన్ను తలుచుకుంటే అంతకన్నా రోత. బిడ్డను పోగొట్టుకున్న మనిషి మాట చెత్తలో వేసి, ఆమె నవ్వును అట్టకి అంటించాం. ఛీ!

ఎల్లుండి గురువారం ప్రజాసభ. నేను వెళ్లను. రాజీనామా పంపేసి పెందుర్తిలో అమ్మ దగ్గరికి పోతాను. కాశమ్మ ముఖం చూడలేను.

నీ
అక్సా

కంచరపాలెం,
సెప్టెంబరు 14.

జ్యోతీ,

పెందుర్తి బస్సు ఎక్కలేకపోయాను. ఆమె మాట తీసేసింది చాలక, పారిపోవడం కూడానా అనిపించింది. సభకు వెళ్లి చివరి వరసలో నక్కి కూర్చుంటే, ఇస్త్రీ చీర కట్టుకుని కాశమ్మ నా పక్కకే వచ్చింది. తన ఫోటో ఉన్న రిపోర్టు నా చేతిలో పెట్టి, "నా మాట యెక్కడున్నాదో సదువమ్మా," అంది.

"లేదమ్మా. నేనే తీసేశాను."

ఆమె రిపోర్టు వెనక్కి లాక్కుంది. "నా పిల్ల సంగతి సెప్పినాను నీకు," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేరుగా వెళ్లి మైకు అందుకుంది: "ఈ బొమ్మ నాది. ఇందల మాట నాది కాదు." నేనూ లేచి జరిగిందంతా చెప్పాను. "కూర్చో అక్సా!" అని దేవీప్రసాద్ అరుస్తూనే ఉన్నాడు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు మైకు దగ్గరికొచ్చి వంతెన, వంతెన అన్నారు. చివరికి సభకొచ్చిన కార్పొరేషన్ అధికారి ఫౌంటెన్ పని ఆపించి, అర్జీ ఇమ్మన్నాడు. వంతెన వస్తుందో రాదో తెలీదు. రాజీనామా పంపకముందే ఉద్యోగం పోయింది. నా మీద నాకున్న రోత మాత్రం పోలేదు.

నిన్న అర్జీ రాసిపెడతానని కాశమ్మ ఇంటికెళ్లాను. కూర్చోమనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "రాయి. రాసినాక సదివి ఇనిపించు. అప్పుడే ఏలిముద్ర ఏత్తాను," అంది.

నిలబడే చదివాను. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి మధ్యలో ఆపి, "మా సూర్యకళ పేరు అన్నిటికన్నా పైన రాయి," అంది.

అక్సా