నా చేతి వేడి

అమ్మా, ఇవాళ తొమ్మిదో తరగతికి ఉష్ణం పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. అందుకే ఇప్పుడు రాయాల్సి వచ్చింది. మనింటికి ఏ కాగితం వచ్చినా నేనే చదివి వినిపించేదాన్ని. దీన్ని వినడానికి నువ్వు లేవు.

ఐసుముక్క పట్టుకున్న పిల్ల, "టీచర్, సల్లదనం నా చేతిలకొస్తాంది" అంది.

"కాదు బిడ్డా. నీ చేతిల కణాలు జోరుగ కదుల్తయి, ఐసులయి మెల్లగ. నీ వేడే దాంట్లకు పోతాంది" అన్నాను. అప్పుడే నీ చేయి గుర్తొచ్చింది.

నువ్వు మిర్చి యార్డులో కూలికి తొడిమెలు తీసి వచ్చి, "దూరం జరుగు బిడ్డా, మంట పుడ్తది" అనేదానివి. నీ చేయి నేను తనివితీరా పట్టుకున్నది దవాఖానలో, చివరి రోజే. నీ చేతి చల్లదనం నాలోకి వచ్చిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎన్నిసార్లు పాఠం చెప్పినా, అది నీ చేతికీ వర్తిస్తుందని తోచలేదు.

ఆదివారం నీ సంవత్సరీకం. ఆలోపు జవాబివ్వు అమ్మా. నా వేడి నీకు తెలిసిందా?