చిల్లర నేరాల గది

ప్రియమైన అక్కకి,

సవినయంగా విన్నవించుకునేదేమనగా, నీ తమ్ముడు జైల్లో క్షేమం. ఇక్కడ నేరం బరువును బట్టి గది ఇస్తారు. నాది ఒకటో గది, చిల్లర నేరాలది. గొడుగుల దొంగలు, సైకిళ్ల దొంగలు వస్తారు, మూడు రోజుల్లో పోతారు. పేరు అడిగేలోపే చాప ఖాళీ. ప్రాణం తీసినవాళ్లది నాలుగో గది. వాళ్లు ఏళ్ల తరబడి కలిసుంటారు. సాయంత్రం అటు నుంచి నవ్వు వినిపిస్తుంది. కుళ్లుకుంటున్నాను.

మన షాపు పక్కన వాచీలు బాగుచేసే తాత కూర్చోబోతుంటే స్టూలు లాగాను. నవ్వుతాడనుకున్నా. తల గచ్చుకి కొట్టుకుంది. డాక్టరు కాగితం వస్తేగానీ నా బెయిలు తేలదట. తాతకెలా ఉంది? అదొక్కటి రాయి.

నీ కోతి

*

ప్రియమైన కోతికి,

వేషాలు తగ్గించు. రోజూ షాపు మూశాక ఆసుపత్రికి వెళ్తున్నా. ఇవాళ తాత కళ్లు తెరిచాడు. నాలుగు చెంచాల గంజి తాగాడు. "ఆ వెధవ అన్నం తింటున్నాడా?" అని అడిగాడు. ఆయన భార్య నాతో మాట్లాడదు. పక్కన కూర్చుంటే మాత్రం లేవమనలేదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నాలుగు చెంచాలు! ఈ శుభవార్త కొత్తగా వచ్చిన గొడుగుల దొంగకి అరగంట వర్ణించాను. తల ఊపుతూ విన్నాడు. తీరా చూస్తే పాపం, చెవుడట.

బయటికి రాగానే తాత స్టూలు నేనే పట్టుకుని నిలబడతా. ఆయన కూర్చున్నాకే వదులుతా. చెప్పు ఆయనకి.

నీ కోతి

*

ప్రియమైన తమ్ముడికి,

షాపులో పని ఎక్కువై రెండు వారాలు రాయలేకపోయాను. తాత బాగానే ఉన్నాడు. అర గ్లాసు గంజి తాగాడు. నీ మాట చెప్పాను, నవ్వాడు. వేళకి తిను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం నాకు నాలుగో గదిలో అందింది.

వారం కిందట వార్డరు చాప చుట్టుకోమన్నాడు. బెయిలేమో అనుకుని ఎగిరి గంతేశా. "కాదు బాబూ, నీ కేసు పెద్దదైంది" అన్నాడు. అదే చెయ్యి, అదే స్టూలు. నేను కొత్తగా ఏమీ చేయలేదు. తాత పోయాడని నువ్వు రాయకపోయినా ఈ గది చెప్పేసింది.

ఇక్కడ అందరూ పేరడిగారు, జరిగి చోటిచ్చారు. "ఏం చేశావురా?" అన్నారు. "జోకు వేశా" అన్నా. ఎవరూ నవ్వలేదు. ఒకటో గదిలో ఉండగా నాకు వినిపించిన నవ్వు ఒక ముసలాయనది. గోడతో మాట్లాడుతూ నవ్వుకుంటాడు.

నీమీద కోపం లేదక్కా. తాతకి ఇంక గంజి తాగించకు. ఆయన భార్య ఇంటికి మాత్రం వెళ్లు. మాట్లాడకపోయినా పక్కన కూర్చో. లేవమనేదాకా లేవకు.

నీ తమ్ముడు