టర్కీ కోడికి జ్వరం లేదు

హేగెన్ క్రాసింగ్, నెబ్రాస్కా
24 అక్టోబరు 1977

జిల్లా వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో వంటల సలహాలు చూసే అధికారి గారికి,

నమస్కారాలు. నా పేరు మెర్ల్ హోవ్లాండ్. మామూలు రోజుల్లో ఇనప సామాన్ల కొట్టు నడుపుతాను. సైరన్ మోగితే కొట్టుకి తాళం వేసి ఫైరింజను నడుపుతాను. ఈ ఊరి స్వచ్ఛంద ఫైర్ స్టేషనుకి ఇరవై రెండేళ్లుగా నేనే చీఫ్‌ని.

నిరుడు థాంక్స్‌గివింగ్ పండక్కి మావాళ్లు స్టేషన్లో టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టి, టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ మర్చిపోయారు. కోడితోపాటు వంటగది కూడా కాలింది. మా పరువు మంటగలిసింది అంటే ఏదో మాటవరసకి అంటున్నాననుకోకండి, ఫొటోలున్నాయి. మా గొట్టాలన్నీ ఆ వంటగది వెనక గదిలోనే ఉండిపోవడంతో, ఆరు మైళ్ల అవతలి శాండ్ ఫోర్క్ స్టేషను వాళ్లొచ్చి ఆర్పారు. అక్కడి చీఫ్ వర్జిల్ టోస్టెన్ మా ఆవిడ ఆర్డిస్‌కి సొంత తమ్ముడు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "బావా, ఈసారి వంట మొదలెట్టే ముందే ఓ ఫోన్ కొట్టు. ఇంజను స్టార్ట్ చేసి కూర్చుంటాం" అన్నాడు. ఆ మాట ఏడాదిగా నా కడుపులో అరగలేదు.

ఇప్పుడు జిల్లా బోర్డు, ఆరు మైళ్లకి రెండు స్టేషన్లు దేనికి, క్రిస్మస్‌లోగా ఒకటి మూసేద్దాం అంటోంది. ఏది మూస్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. అందుకని ఈ పండక్కి బోర్డు అధ్యక్షుడు క్లారెన్స్ ఉబెన్ గారిని భోజనానికి పిలిచాను. స్టేషన్లో పొయ్యి వెలిగించకూడదని ఆయనదే ఆర్డరు. ఆర్డిస్ కొత్తగా స్లో కుక్కర్ కొంది. ప్లగ్గు పెట్టడం, మూత పెట్టడం, అంతే. మంటా లేదు, పొగా లేదు. ఇరవై పౌన్ల టర్కీ కోడి, తల తప్ప అంతా ఉన్నది, ముక్కలు చేయకుండా నిండుగా అలాగే అందులో ఎన్ని గంటలు ఉడకాలో సెలవివ్వగలరు.

భవదీయుడు,
మెర్ల్ హోవ్లాండ్, చీఫ్

తా.క. కోడి రాయిలా గడ్డకట్టి ఉంది. అలాగే వేసేస్తే కుక్కర్ మరీ వేడెక్కకుండా ఉంటుందని మావాళ్ల ఆలోచన.


జిల్లా వ్యవసాయ విస్తరణ కార్యాలయం
28 అక్టోబరు 1977

శ్రీ హోవ్లాండ్ గారికి,

మీ లేఖ అందినది. సురక్షితమైన వంట పట్ల మీకు గల ఆసక్తి మిక్కిలి అభినందనీయం.

అయితే టర్కీ కోడిని నిండుగా స్లో కుక్కర్‌లో వండరాదు. ఆ పాత్ర మెల్లగా వేడెక్కుతుంది. అంత పెద్ద కోడి మధ్యభాగానికి వేడి చేరేసరికి గంటలు గడిచిపోతాయి. ఫారన్‌హీట్‌లో 40 నుంచి 140 వరకు ప్రమాద మండలం. మాంసం అందులో ఉన్నంతసేపూ సూక్ష్మక్రిములు పెరుగుతాయి. గడ్డకట్టిన కోడి అయితే ప్రమాదం మరీ ఎక్కువ. ఫ్రిజ్‌లో ఉంచి పూర్తిగా మంచు విడిపించి, ముక్కలుగా కోసి మాత్రమే కుక్కర్‌లో వేయవలెను. మందంగా ఉన్న చోట లోపలి వేడి 165కి చేరాలి.

ఇట్లు,
లోర్నా ప్రిబిల్, గృహవిజ్ఞాన సలహాదారు

తా.క. ప్రమాద మండలం సంగతి మరువకండి. అయినా జాగ్రత్తల గురించి ఫైర్ చీఫ్‌కి నేను చెప్పాలా!


హేగెన్ క్రాసింగ్
2 నవంబరు 1977

ప్రిబిల్ మేడమ్ గారికి,

నా ఆసక్తిని మిక్కిలి అభినందించినందుకు కృతజ్ఞతలు. ఆ వాక్యాన్ని స్టేషను నోటీసు బోర్డుకి అంటించాను. మధ్యలోదంతా ప్రభుత్వం వారు అందరికీ పంపే అచ్చు సరుకు అనుకుని పైపైన చూశాను. తాజాకలం మాత్రం రెండుసార్లు చదివాను. మనసున్న మనిషి తాజాకలంలోనే దొరుకుతాడని మా నాన్న అనేవాడు.

మీరు చెప్పినట్టే ప్రమాద మండలం ఏర్పాటు చేశాం. కుక్కర్ని ఇంజను షెడ్డు మధ్యలోకి మార్చి, నలభై అడుగుల దూరంలో చుట్టూ తాడు కట్టాం. లోపలికి ఒక్కడే వెళ్తాడు, హెల్మెట్ పెట్టుకుని. నూట నలభై అడుగులు మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉంది. అది రోడ్డు దాటి పోస్టాఫీసులోకి వస్తుంది. ఉత్తరాలు సగం ప్రమాదంలోనూ సగం బయటా పంచడం కుదరదని పోస్ట్‌మాస్టరు మొండికేస్తున్నాడు. ప్రభుత్వం నుంచి ఆయనకో ముక్క రాస్తారా?

ఊరి కాఫీ హోటల్లో అందరి ముందూ చెప్పేశాను, ఈసారి మాది ప్రభుత్వం ఒప్పుకున్న టర్కీ అని. పక్క బల్ల దగ్గర మా బావమరిది వర్జిల్ ఉన్నాడు. కప్పు నోటిదాకా ఎత్తి అలాగే ఆపేశాడు. "స్లో కుక్కర్లోనా? నిండు కోడే?" అన్నాడు. "నిండు కోడే. అధికారి సంతకంతో" అన్నాను. ఏడాది తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

పన్నెండో తేదీ శనివారం ఓ చిన్న కోడితో రిహార్సలు.

మీ విధేయుడు,
మెర్ల్ హోవ్లాండ్

తా.క. ఇరవై పౌన్ల కోడి కాళ్లు కుక్కర్ బయటికొస్తున్నాయి. మూత దాని రొమ్ము మీద టోపీలా కూర్చుంది. బెల్టు వేసి బిగిస్తే తప్పేం లేదు కదా?


జిల్లా వ్యవసాయ విస్తరణ కార్యాలయం
7 నవంబరు 1977

హోవ్లాండ్ గారూ,

అవి అడుగులు కావు. డిగ్రీలు. ప్రమాదం కుక్కర్ చుట్టూ లేదు, కోడి లోపల ఉంది. దయచేసి ఆ తాడు విప్పేయండి. పోస్ట్‌మాస్టరు గారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

నేను ఎవరికీ ఏమీ ఒప్పుకోలేదు. నా ఉత్తరంలో "వండరాదు" అనే మాట ఉంది. మూడో వాక్యం. మూత సరిగా పడకపోతే ఉన్న కాస్త వేడీ పైకి పోతుంది. బెల్టు వేసినా, గొలుసు వేసినా, మీరెక్కి కూర్చున్నా పోతుంది.

నా మాట నమ్మకపోతే థర్మామీటరు గుచ్చి చూసుకోండి.

ఇట్లు,
లోర్నా ప్రిబిల్

తా.క. మీరు తాజాకలాలే చదువుతారు గనక ఇక్కడ రాస్తున్నాను. వద్దు. వద్దు. ముక్కలు చేయండి.


హేగెన్ క్రాసింగ్
14 నవంబరు 1977

ప్రిబిల్ అమ్మాయికి,

అమ్మాయ్ అన్నానని కోపం తెచ్చుకోకు. నీ వయసు ఇరవై ఆరని మీ ఆఫీసు గుమాస్తా మా వాళ్లతో అన్నాడట. నా కొట్టులో అంతకన్నా పాత సుత్తులున్నాయి.

శనివారం రిహార్సలు దివ్యంగా జరిగింది. పద్నాలుగు పౌన్ల కోడి. నీ మాట మన్నించి థర్మామీటరు గుచ్చాం. మా ప్రథమ చికిత్స పెట్టెలోదే, శుభ్రంగా కడిగాం. ఆరు గంటలు ఉడికాక సరిగ్గా తొంభై ఎనిమిదిన్నర చూపించింది. మందు పెట్టె చూసే డెల్మార్ అయితే దాన్ని వెలుతురుకి పట్టుకుని, "చీఫ్, కోడికి జ్వరం లేదు. ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఇంతకన్నా భద్రత ఏం కావాలి?

తిందామని కూర్చునేసరికి ఆర్డిస్ వచ్చింది. మూతెత్తి చూసి, కుక్కర్ తీసుకెళ్లి కోడిని వెనక గొయ్యిలో పారేసి మట్టి కప్పింది. "నువ్వు ఇంకో పెళ్లి చేసుకోవాలనుంటే చెప్పు, నేనే పక్కకి తప్పుకుంటాను. నన్నిలా చంపక్కర్లేదు" అంది. ఆడవాళ్లకి కొత్త పద్ధతులంటే భయం.

ముక్కలు మాత్రం కుదరదమ్మా. ఉబెన్ గారు వస్తున్నారు, పత్రికవాళ్లు ఫొటో తీస్తారు. బల్ల మీద నిండు కోడి లేకపోతే అదేం పండగ? ముక్కలు చూస్తే కోడి కూడా మంటల్లో పోయిందనుకుంటారు.

ఆశీస్సులతో,
మెర్ల్ హోవ్లాండ్

తా.క. వర్జిల్ కూడా స్లో కుక్కర్ కొన్నాడు. మాకన్నా పెద్దది. నా కొట్టులోనే కొన్నాడు, సిగ్గులేనివాడు.


17 నవంబరు 1977

హోవ్లాండ్ గారూ,

తా.క. ఈ ఉత్తరంలో తాజాకలం తప్ప ఇంకేం లేదు. పూర్తిగా చదవండి. చదవలేకపోతే ఆర్డిస్ గారికివ్వండి.

తొంభై ఎనిమిదిన్నర మనిషికి ఆరోగ్యం. కోడికి కాదు. అది మనిషికన్నా ఆ కోడిలో పెరిగే క్రిములకి ఎక్కువ ఆరోగ్యం. ఆరు గంటలు వాటికి వెచ్చటి పరుపు వేసి నిద్రపుచ్చారు మీరు.

మా పెదనాన్న ఓ పెళ్లి విందులో సరిగా ఉడకని కోడి తిన్నాడు. ఎనభై మంది తిన్నారు, డెబ్భై తొమ్మిది మంది కోలుకున్నారు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఈ ఉద్యోగంలోకి ఊరికే రాలేదు. మీరు నవ్వుతూ రాస్తున్నారు, నేను నవ్వలేకపోతున్నాను.

కోడిని ఈ శనివారమే ఫ్రిజ్‌లో పెట్టండి. ఇరవై పౌన్లకి అయిదు రోజులు పడుతుంది. పండగ రోజు పొద్దున్న ఏడింటికి నేనే వస్తున్నాను, నా కత్తీ నా థర్మామీటరూ తీసుకుని. మూడు కుక్కర్లు సిద్ధంగా ఉంచండి. నేను వచ్చేసరికి కోడి నిండుగా కుక్కర్లో కనబడితే మట్టి కప్పడానికి ఆర్డిస్ గారికి సాయం చేస్తాను. ఈసారి గొయ్యి పెద్దదే తవ్వుదాం, మీకూ చోటుంటుంది.

లోర్నా ప్రిబిల్


హేగెన్ క్రాసింగ్
27 నవంబరు 1977

తల్లీ లోర్నా,

నువ్వు పండగ రోజు మధ్యాహ్నం మీ అమ్మగారింటికి వెళ్లిపోయాక ఇక్కడేం జరిగిందో నీకు తెలియదు. కూర్చుని చదువు.

ముందు ఉబెన్ గారి సంగతి. నువ్వు కోసి, మూడు కుక్కర్లలో సర్ది, ఒక్కో ముక్కలో థర్మామీటరు గుచ్చి నూట అరవై అయిదు చూసి గానీ వడ్డించనివ్వలేదు కదా. రుచికి వంక పెట్టలేం. కానీ రంగేదీ? ఉతికి ఆరేసిన మేజోళ్లలా ఉన్నాయి ముక్కలు. నువ్వు వెళ్లగానే ఆయన ఫోర్కుతో ఒకటి తిరగేసి, "హోవ్లాండ్, ఇది జబ్బు చేసిన కోడా?" అన్నాడు. పత్రిక కుర్రాడు కెమెరా మూత కూడా తీయలేదు. ఉబెన్ గారు రెండు ముద్దలు తిని, సాయంత్రం శాండ్ ఫోర్క్‌లో కూడా భోజనం ఉందని లేచాడు. మా స్టేషను కథ అక్కడితో సరి అనుకున్నాను. నిజం చెప్తున్నాను, నిన్ను నాలుగు తిట్టుకున్నాను కూడా.

వర్జిల్ బల్ల మీద నిండు కోడి. బంగారు రంగు. శుక్రవారం పత్రికలో మొదటి పేజీ ఫొటో వేశారు, కింద "ఆదర్శ స్టేషను" అని రాశారు. స్లో కుక్కర్లో ఆ రంగు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. తర్వాత డెల్మార్ ఆరా తీశాడు. ప్లంబర్లు గొట్టాలు అతకడానికి వాడే బ్లో లాంపు పెట్టి పైన తోలు కాల్చాడట మా బావమరిది. పైకి బంగారం, లోపల పసిపిల్లాడి చెంపంత గులాబీ రంగు.

శుక్రవారం పొద్దున్నకి శాండ్ ఫోర్క్ స్టేషన్లో పదకొండు మందికి పదకొండు మందీ మంచాల మీద. మంచాల మీద అనడం కూడా మర్యాదకే, ఎక్కువసేపు వేరేచోట ఉన్నారు. వాళ్లతో కూర్చుని మూడుసార్లు వడ్డించుకుని తిన్న ఉబెన్ గారిదీ అదే గతి. శాండ్ ఫోర్క్‌లోని ఇంట్లో ఆయన చలికి వణుకుతుంటే వాళ్లావిడ పాపం పొయ్యిలో కట్టెలు దండిగా వేసింది. చిమ్నీలో ఏళ్ల మసి, అంటుకుంది. శాండ్ ఫోర్క్ సైరన్ పావుగంట మోగింది. లేచి నిలబడేవాడు ఒక్కడూ లేడు. చివరికి మాకు ఫోన్ వచ్చింది.

ఆరు మైళ్లు ఏడు నిమిషాల్లో వెళ్లాం. చిమ్నీ ఆర్పేసరికి గది నిండా పొగ. ఉబెన్ గారిని దుప్పట్లో చుట్టి, చేతిలో ఆయన బకెట్టుతో సహా మోసుకొచ్చాను. గుమ్మం దగ్గర నా కాలరు పట్టుకుని, "హోవ్లాండ్, మీ స్టేషను ఎక్కడికీ పోదు. నేను మాటిస్తున్నాను. ముందు నన్ను ఎక్కడైనా బాత్రూమ్ ఉన్న చోటికి తీసుకెళ్లు" అన్నాడు. నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత వేగంగా తీసుకున్న ప్రభుత్వ నిర్ణయం చూడలేదు.

ఇవాళ్టికి అందరూ కోలుకుంటున్నారు. ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు, నీకా భయం వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే రెండు రోజులు పట్టింది. నీ తాజాకలం ఉత్తరం వచ్చిన రోజు ఆర్డిస్ గట్టిగా చదివింది, మీ పెదనాన్న సంగతి నాచేత మళ్లీ చదివించింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడే ఆ ఉత్తరం వర్జిల్‌కి పంపాను, పైన "నాదే పొరపాటు, వండకు" అని నా చేత్తో రాసి. నా బతుకులో వాడికి రాసిన మొదటి క్షమాపణ అది. వాడు చదివి పగలబడి నవ్వాడట. "బావ తప్పు ఒప్పుకోవడమా? అయితే ఇందులో ఏదో గొప్ప సంగతే ఉంది. నన్ను చేయనివ్వకుండా ఎత్తు వేస్తున్నాడు" అని మర్నాడే పొద్దున్నే వెళ్లి కోడి కొన్నాడట. కాఫీ హోటల్లో నేను కొట్టిన డప్పు నమ్మాడు, చేత్తో రాసిన నిజం నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా వాడితో నేను మాట్లాడిన తీరే అలాంటిది, వాణ్ని అనడానికి లేదు.

ఊళ్లో నాకు సన్మానం చేస్తామంటున్నారు. వచ్చి నువ్వు తీసుకో.

నీ బాబాయిలాంటివాడు,
మెర్ల్ హోవ్లాండ్

తా.క. వర్జిల్‌కి ఆర్డిస్ వేడివేడిగా సూప్ చేసి పంపింది. ఎవరు కాచారని అడిగాడట. నన్ను ఉడికించాలని, సూప్ పట్టుకెళ్లిన మా కుర్రాళ్లు "మీ బావ కాచాడు" అని చెప్పారు. గిన్నె ఇంకా మూత తీయకుండా అలాగే ఉంది.